హెస్గిన్ మఠం తూర్పు గోడ

హెస్గిన్,
1986 జూలై 3

ప్రియమైన చెల్లెలు నెస్టాకు,

ఫోనులో నా మాటలు నీకు సగమే వినబడతాయి, మిగతా సగం నువ్వు వినిపించుకోవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, టీ పక్కన ఉంచుకుని, తీరిగ్గా చదువు. నీ అన్న గెలవబోతున్నాడు.

మఠం శిథిలాల్లో తవ్వకాలు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయం నుంచి లౌరి అనే అమ్మాయి నలుగురు మనుషులతో, రెండు గుడారాలతో దిగింది. మఠం కట్టి ఎనిమిది వందల ఏళ్ళయిన సందర్భమట. తూర్పు గోడ కింద ఏముందో చూస్తారట. ఏముందో నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. ఆ తెలిసినందుకే నన్ను ఊరి గానబృందం నుంచి వెళ్ళగొట్టారు. నువ్వు పెళ్ళి చేసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయాక జరిగిన గొడవ కాబట్టి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మొత్తం చెబుతాను.

1186లో పదముగ్గురు తెల్ల అంగీల సన్యాసులు ఈ లోయలోకి వచ్చారు. వాళ్ళ సిస్టర్షియన్ నియమం ప్రకారం జనం లేని చోట మఠం కట్టాలి. ఇక్కడ జనం ఉన్నారు. వాళ్ళను కొండ అవతలికి తోలేసి, ఇప్పుడు జనం లేరు కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకుని పునాది వేశారు. మౌనం వాళ్ళ వ్రతం. ఉప్పు కావాలన్నా వేళ్ళతో సైగ చేయాలి. ఈ ఊళ్ళో మూడు వందల యాభై ఏళ్ళు జనం నోరు మూసుకుని బతికారంటే నాకే నమ్మబుద్ధి కాదు. గొర్రెలు పెంచారు, ఉన్ని అమ్మారు. ఒక మఠాధిపతి, పొలంపని చేసే సన్యాస సోదరులకు బీరు మానిపించాడు. వాళ్ళు ఆయన గుర్రాలన్నీ తోలుకుపోయారు. ఈ ఊరి చరిత్రలో అందరూ ఒక్క మాట మీద నిలబడి చేసిన పని అదొక్కటే.

ఎనిమిదో హెన్రీ మనుషులు మూయించడానికి వచ్చేసరికి మఠంలో మిగిలింది ఆరుగురు ముసలివాళ్ళు. కప్పు మీది సీసం రాజు పట్టుకుపోయాడు. రాళ్ళు మన పూర్వీకులు పట్టుకుపోయారు. మన వంటింటి పొయ్యి మీది అడ్డరాయి అక్కడిదే. మేకుల కొట్టు ఎల్వెడ్ వాళ్ళ పందులదొడ్డి గుమ్మం అక్కడిదే. సన్యాసులంటే మండిపడే మన ప్రొటెస్టంట్ చాపెల్ పునాది కూడా అక్కడిదే. అందరూ పట్టుకుపోగా నిలబడింది ఒక్క తూర్పు గోడ, దాని అడుగున వరసగా ఐదు కమాన్లు.

నిజంగా అందమైన గోడ, కాదనను. అందంగా ఉంది కాబట్టి అది మఠాధిపతి సొంత ప్రార్థన గది అని ఊరు తీర్మానించింది. చాపెల్ జనానికి సన్యాసి ఎలా బతికాడో ఏం తెలుసు? నున్నటి రాయి, గుండ్రటి కమాను కనబడితే దేవుడి కోసమే అనుకున్నారు. పెళ్ళిళ్ళ ఫొటోలు ఆ గోడ ముందే. ఏటా ఆగస్టులో కీర్తనల పండుగ ఆ గోడ ముందే. అక్కడ పాడితే గొంతు కొండదాకా వెళ్ళి తిరిగొస్తుంది.

నేను పుస్తకాలు చదివాను. ఊళ్ళో ఎవరో ఒకరు చదవాలి కదా. సిస్టర్షియన్లకు ఊహాశక్తి లేదు. అదే వాళ్ళ గొప్పతనం. ఏ దేశంలో కట్టినా ఒకటే నమూనా. తూర్పువైపు మేడ మీద పడకగది, దాని చివర మరుగుదొడ్డి, దాని అడుగున వాగు నీళ్ళు పారే రాతి కాలువ. కొలత వేసుకున్నాను. మన ప్రార్థన గది కచ్చితంగా ఆ చివరే ఉంది.

1955 పండుగలో మూడో కీర్తన అయ్యాక ఒక అతిథి లేచి, "ఈ పవిత్రమైన గోడలు ఎన్ని ప్రార్థనలు విన్నాయో!" అన్నాడు. నేను టెనర్ల, అంటే పై స్వరం పాడే మగవాళ్ళ, వరసలో ముందు నిలబడి ఉన్నాను. ఉండబట్టలేకపోయాను. ఆ గోడలు విన్నవి ప్రార్థనలు కావని, ఏమిటో, ఎవరివో, రోజుకెన్నిసార్లో వివరంగా చెప్పాను. వారం తిరగకుండా గానబృందాన్ని ముందు నిలబడి చేతులతో నడిపించే మేకుల కొట్టు ఎల్వెడ్ నుంచి ఒక్క ముక్క ఉత్తరం. "మీ సేవలు ఇక అవసరం లేదు." కారణం కూడా రాయలేదు. నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాడు! ఆ రోజు నుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

మన లోయలో మనిషిని పనిబట్టి పిలుస్తారని నీకు తెలుసు. ఎల్వెడ్ మేకుల ఎల్వెడ్. నేను అంతకుముందు లాటిన్ గొరొన్వీని. ఆ రోజు నుంచి దొడ్డి గొరొన్వీని. రెండు తరాల పిల్లలకు లాటిన్ చెప్పాను నెస్టా, ఆ పేరుతోనే.

ఆగస్టు పదిహేడున పండుగ. లౌరి కాలువ బయటపెట్టగానే నేను లేచి నాలుగు పేజీల వ్యాసం చదువుతాను. రాసి పెట్టుకున్నాను. నేను చదివేటప్పుడు ఎల్వెడ్ మొహం చూడాలి. నాకింకేమీ అక్కర్లేదు.

విజయానికి అడుగు దూరంలో ఉన్న
నీ అన్న గొరొన్వీ


హెస్గిన్,
1986 జూలై 19

నెస్టా తల్లీ,

దొరికింది!

నిన్న మధ్యాహ్నం లౌరి మనిషిని పంపింది. చేతికర్ర పట్టుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"మాస్టారూ, కిందికి దిగగలరా?"

"దిగగలను. ఎక్కడం సంగతి తర్వాత చూద్దాం."

దిగాను. ఐదు కమాన్ల కిందుగా, రాళ్ళు పరిచిన కాలువ వాగు వైపు వాలుగా వెళ్తోంది. నేను 1955లో గీసిన చోటుకు రెండు అడుగులు కూడా తేడా లేదు. లౌరి చేటలో నల్లటి ముద్ద చూపించింది.

"గింజలు చూడండి, ప్లమ్ పళ్ళవి. బాగా తినేవారు. ఇదేమో నాచు. కట్టలు కట్టలుగా ఉంది."

నాకు నాచు దేనికో తెలుసు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరు వందల ఏళ్ళ కిందట ఒక సన్యాసి వాడి పారేసిన నాచును చూసి ఏడ్చినవాణ్ణి ఈ దేశంలో నేనొక్కడినే అయివుంటాను.

అంతలో కంచె దగ్గర ఎల్వెడ్. ఆ టోపీ, ఆ మీసం.

"ఏం దొరికిందమ్మా?"

"నాచండీ."

"మఠాధిపతి గారి గదిలో నాచా? పూజకు వాడేవారేమో?"

"భక్తిగానే వాడుంటారండి," అంది లౌరి. తర్వాత అది తుడుచుకోవడానికని చెప్పింది.

నేను గోతిలో ఉండి నవ్వాను. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఎల్వెడ్ నావైపు చూడకుండా, "ఆ గోతిలోని పెద్దమనిషికి చెప్పమ్మా, దగ్గు తగ్గాక నవ్వుకోమని," అన్నాడు.

"కంచె దగ్గరి పెద్దమనిషికి చెప్పమ్మా, ముప్పై ఒక్క ఏళ్ళ నవ్వు, ఒక్కరోజులో అవదని," అన్నాను.

పాపం ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, "మీ ఇద్దరికీ టీ పెట్టనా?" అంది. ఎల్వెడ్ వెళ్ళిపోయాడు.

ఇంకా మంచి వార్త. పురావస్తు ఆఫీసువాళ్ళు గోడ ముందు బోర్డు పెడతారట. మన వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ, పెద్ద అక్షరాలతో, "సన్యాసుల మరుగుదొడ్డి". ఊరంతా కుతకుతలాడుతోంది. ఆ గోడ ముందు దిగిన పెళ్ళి ఫొటోలు హాల్లో వేలాడదీసుకున్న ఇళ్ళు అరవైకి పైనే. ఇవాళ పొద్దున రొట్టెల కొట్టులో ఒకావిడ నన్ను చూసి, "ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?" అని అడిగింది. చల్లబడిందనే చెప్పాను.

ఇంత తిన్నగా రాశాను కదా, ఒక్క సంగతి చెప్పకపోతే తప్పు. నిన్న ఇంటికొచ్చి కూర్చుంటే, నాతో పాటు నవ్వేవాళ్ళెవరూ లేరని తెలిసింది.

నీ అన్న,
చరిత్ర రుజువు చేసిన గొరొన్వీ


హెస్గిన్,
1986 జూలై 30

చెల్లీ,

ఇది చదివాక చింపేయి. నీ కోడలికి చూపించకు.

మొన్న తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. ఎల్వెడ్. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన ఎండుద్రాక్షల రొట్టె.

"మీరు ఖాళీయేనా?" అన్నాడు.

మీరట! చిన్నప్పుడు నా పెన్సిళ్ళన్నీ కొరికినవాడు మీరంటున్నాడు. నేనూ తగ్గలేదు. "దయచేయండి," అన్నాను.

కూర్చున్నాడు. పొయ్యి మీది అడ్డరాయి వైపు చూస్తూ మాట్లాడాడు.

"బోర్డు పెడతారట."

"విన్నాను."

"నా మనవరాలి పెళ్ళి ఆగస్టు ఆఖరి శనివారం. ఆ గోడ ముందే ఫొటోలు. పెళ్ళికొడుకు బంధువులు ఇంగ్లండు నుంచి వస్తారు. చదువుకున్నవాళ్ళు. బోర్డులు చదువుతారు."

"చదువుకున్నవాళ్ళకు ఆ జబ్బు ఉంటుంది."

వాడు నవ్వలేదు. "మీరు ఆఫీసుకు ఒక ఉత్తరం రాస్తే చాలు. అది మరుగుదొడ్డి కాకపోవచ్చు, ప్రార్థన గదే అయివుండవచ్చు అని. వాళ్ళు మళ్ళీ పరిశీలిస్తాం అంటారు. పరిశీలన అంటే పదేళ్ళు. వాళ్ళు మీ మాట వింటారు. నలభై ఏళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నది మీరొక్కరే."

"అవన్నీ ఫిర్యాదులు."

"ఏవైతేనేం. పేరు తెలుసు కదా."

 అప్పుడు వాడు టోపీని రెండుసార్లు తిప్పి, నెమ్మదిగా అన్నాడు. "టెనర్ల వరసలో చోటు ఉంది. ముగ్గురే మిగిలారు. పండుగకు మీరు నిలబడవచ్చు."

ఆ మాట అన్నాక ఇంకేం అడగకుండా వెళ్ళిపోయాడు. రొట్టె బల్ల మీద వదిలేశాడు.

నెస్టా, నేను ఎవరికీ చెప్పని సంగతి ఇది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం, చాపెల్లో సాధన మొదలయ్యే వేళకు నేను వంటింటి కిటికీ తీసి పెడతాను. వానలోనూ, మంచులోనూ. వాళ్ళు పాడతారు. నేను గిన్నెలు కడుగుతూ నా వరస నేను పాడుకుంటాను, నోరు తెరవకుండా. మా ఆవిడ చనిపోయిన వారంలో కూడా తీశాను. పుస్తకాలు నాకు చాలానే ఇచ్చాయి, కానీ ఒక పుస్తకం ఇంకో పుస్తకంతో కలిసి పాడదు. నలభై మంది ఊపిరి ఒకేసారి పీల్చుకుంటే ఆ మధ్యలో నిలబడటం ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఈ ఊళ్ళో గానబృందంలో లేని మనిషి, ఊళ్ళో లేనట్టే.

అందుకని నిన్న పొద్దున కూర్చుని ఆ ఉత్తరం రాశాను. మూడు పేజీలు. కాలువ వేరే కాలానిదని, నాచు వరదకు కొట్టుకొచ్చిందని, ప్లమ్ పళ్ళు నైవేద్యాలని రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళ నిజాన్ని మూడు పేజీల్లో పడగొట్టాను. ఎంత బాగా వచ్చిందంటే, రెండోసారి చదివినప్పుడు నేనే సగం నమ్మాను. ఆ తర్వాత అద్దంలో మొహం చూసుకోలేకపోయాను. దొడ్డి గొరొన్వీ అని ఎందరు పిలిచినా తల ఎత్తుకు తిరిగానంటే, నేను నిజం చెప్పి నష్టపోయినవాణ్ణి అన్న ఒక్క ధైర్యంతోనే. అది అమ్ముకుంటే నాకిక మిగిలేదేమిటి?

ఉత్తరం కవరులో పెట్టాను. తొమ్మిదో తారీకు శనివారం సాధనకు వెళ్ళాలి. ఇవ్వనా, మాననా? నువ్వు తిట్టదలుచుకుంటే ఆలోపు తిట్టు.

ఏమీ తేలని
గొరొన్వీ


హెస్గిన్,
1986 ఆగస్టు 18

నా చెల్లెలికి,

నీ ఉత్తరం అందింది. "ఈ వయసులో నీకు నిజమూ కావాలి, పాటా కావాలి, బుద్ధి మాత్రం అక్కర్లేదు" అని ఒక్క వాక్యం రాయడానికి తపాలా బిళ్ళ ఎందుకు దండగ చేశావో తెలియదు. జరిగింది విను. మధ్యలో నవ్వకు.

తొమ్మిదో తారీకు, కోటు జేబులో కవరుతో చాపెల్‌కు వెళ్ళాను. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత. అందరూ లేచి చూశారు. పాతవాళ్ళు తొమ్మిది మందే మిగిలారు. ఎల్వెడ్ బల్ల మీద నుంచి దిగి చెయ్యి చాపాడు. నేను కవరు తీశాను. ఇద్దామనే తీశాను, నిజంగా. కానీ ఆ నోరు ఉంది చూశావా, అది నా మాట ఎప్పుడు విన్నది?

"ఈ ఉత్తరం నేను ఇవ్వను," అన్నాను. గోడలు మోగాయి. "అది మరుగుదొడ్డి. బోర్డు మీద అదే రాయనివ్వండి. 1955లో నిజం చెప్పినందుకు వెళ్ళగొట్టారు. ఈసారి కూడా నిజం చెప్పినందుకే వెళ్ళగొట్టండి. నేను సిద్ధం!"

గుండె మీద చెయ్యి కూడా పెట్టుకున్నట్టు గుర్తు.

 ముందు వరసలో రొట్టెల మార్గెడ్, ఎనభై రెండేళ్ళది, అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఏ నిజం నాయనా?"

"అది మరుగుదొడ్డన్న నిజం!"

"అదా? అయ్యో, అది మా అమ్మమ్మకే తెలుసు. ఆ గోడ వెనక వేసిన క్యాబేజీ బుట్టంత అయ్యేది. ఎందుకవుతుందో మాకు తెలియదూ?"

"మార్గెడ్, ఊరుకో," అన్నాడు ఎల్వెడ్.

"మరి ప్రార్థన గది అని ఎందుకు చెప్పుకున్నారు?" అన్నాను.

"అతిథులకు ఏం చెప్పమంటావు? ఇలా రండి, మా దొడ్డి చూడండి అనమంటావా?"

నేను కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. "అయితే నన్నెందుకు తీసేశారు?"

"మార్గెడ్, వద్దు. నామాట విను," ఎల్వెడ్ మళ్ళీ అన్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు విన్నాను. ఇంకెన్నాళ్ళు బతుకుతానని?" ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు పాడేవాడివి కాదు నాయనా. అరిచేవాడివి. పక్కన మనిషి ఉన్నాడన్న ధ్యాసే ఉండేది కాదు. మూడేళ్ళు వరసగా పోటీల్లో ఆఖరున వచ్చాం. ఆ న్యాయనిర్ణేత ఏం రాశాడో తెలుసా? 'ఒక టెనర్, అతనికి తోడుగా నలభై మంది' అని. ఎల్వెడ్ ఆ కాగితం నీకు చూపించలేదు. నీకెలా చెప్పాలో తెలియక వారం రోజులు సరిగా తిండి తినలేదు. ఇంతలో పండుగనాడు నువ్వే లేచి మరుగుదొడ్డి పురాణం విప్పావు. 'ఇప్పుడు తీసేస్తే నిజం చెప్పినందుకు తీసేశారనుకుంటాడు, అది వాడికి నచ్చుతుంది కూడా,' అన్నాడు ఎల్వెడ్. మేమంతా సరే అన్నాం. అదే పండుగలో కసాయి ట్రెవర్ తాగొచ్చి చాపెల్ పాస్టరుగారి బూట్ల మీద కక్కాడు. వాణ్ణి తీసేశామా?"

నేను బెంచీ మీద కూర్చున్నాను. ట్రెవర్ సంగతి నాకు గుర్తే. ఎన్నడూ ఆలోచించలేదు. అన్ని పుస్తకాలు చదివాను, ఆ ఒక్కటీ తట్టలేదు.

ఎల్వెడ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీకు పాటంటే ప్రాణంరా," అన్నాడు. మీరు పోయింది. "గొంతు బాగాలేదంటే చచ్చిపోయేవాడివి. నన్ను తిట్టుకుంటూ అయితే బతుకుతావనిపించింది. బతికావు కదా."

"నువ్వు నన్ను ముప్పై ఒక్క ఏళ్ళు తిట్టించుకున్నావా?"

"బాగా తిట్టావురా. కొన్ని లాటిన్లో కూడా. పాస్టరుగారు అర్థం చెప్పారు."

"మరి ఇప్పుడెందుకు పిలిచావు?"

"ఇప్పుడు నీ గొంతు సగం పోయింది కదా. మొన్న తపాలా ఆఫీసులో నువ్వు కేకలేస్తుంటే విన్నాను. సరిగ్గా సరిపోతుంది."

చాపెల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. చివరికి నేనూ. నవ్వానో ఏడ్చానో, ఈ వయసులో మొహం రెంటికీ ఒకేలా ముడతలు పడుతుంది.

బోర్డు సంగతి చెప్పలేదు కదా. అబద్ధం రాయనని నేను, దొడ్డి అని రాయనివ్వనని ఎల్వెడ్ గంటసేపు వాదించుకున్నాం. మాటలున్నవాళ్ళ వాదన ఎంత సుఖం! చివరికి మార్గెడ్ తేల్చింది. "మనకు తెలిసిందే కదా, మన భాషలో ఉన్నదున్నట్టు రాయండి. వాళ్ళ భాషలో మర్యాదగా రాయండి." బోర్డు మీద వేయాల్సిన మాటలు నేనే రాశాను, లౌరి పట్టుకెళ్ళి ఆఫీసువాళ్ళను ఒప్పించింది. వెల్ష్‌లో ఆరు వరసలు, కాలువ, నాచు, ప్లమ్ గింజలతో సహా. ఇంగ్లీషులో ఒక్కటే వరస: "తూర్పు కట్టడం, పదమూడో శతాబ్దం." అక్షరం అబద్ధం లేదు. పెళ్ళికొడుకు బంధువులు ఆ గోడ ముందు టోపీలు తీసి నిలబడతారు. నేను దగ్గరుండి చూస్తాను. ఫొటోలో కూడా ఉండమన్నాడు ఎల్వెడ్.

ఆ మూడు పేజీల అబద్ధాన్ని మాత్రం చింపలేకపోయాను. నేను రాసినవాటిలో అదే బాగుంది.

నిన్న పండుగ. ఎండ కాసింది. ఆరు వందల మంది వచ్చారు. నేను టెనర్ల వరసలో చివర, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఊపిరి పీల్చుకున్నాం, నలభై మంది ఒకేసారి. మొదటి చరణం ఎలా గడిచిందో తెలియదు. రెండో చరణంలో గొంతు వేడెక్కింది. పాత బలం ఎక్కడి నుంచో వచ్చింది. నేను తల ఎత్తి పై స్వరం అందుకున్నాను. ఎల్వెడ్ చెయ్యి మావైపు వచ్చింది. అరచెయ్యి కిందికి ఉంది. తగ్గించు, తగ్గించు అన్నట్టు నెమ్మదిగా రెండుసార్లు ఆడింది.

1955 దాకా ఆ చెయ్యి ప్రతి పాటలో అలా ఆడేది నెస్టా. వెనకవాళ్ళెవరో గోల చేస్తున్నారు కాబోలనుకునేవాణ్ణి.

నిన్న కూడా వెనక్కి తిరిగి చూశాను. గోడ తప్ప ఎవరూ లేరు.

గొంతు తగ్గించి,
నీ అన్న
గొరొన్వీ